పదిహేను గజాల సంబరం

2019 నవంబరు 28, థ్యాంక్స్‌గివింగ్ రాత్రి. మిసిసిపీ రాష్ట్రంలోని స్టార్క్‌విల్‌లో, అరవై వేల మందికి పైగా పట్టే డేవిస్ వేడ్ స్టేడియంలో నేనూ మా అబ్బాయీ కూర్చున్నాం. ఇద్దరి చేతుల్లోనూ గంటలున్నాయి. మన ఊళ్లో ఆవు మెడకు కట్టే గంట లాంటిదే, కాకపోతే దీనికి పట్టుకునే పిడి ఉంటుంది. నేను ఎం.ఎస్. చదివిన మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 21-14తో ముందుంది. ఎదురు జట్టు ఓల్ మిస్, అంటే యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపీ. ఈ రెండింటి వైరం అన్నదమ్ముల వాటా తగాదా లాంటిది. తరాలు మారినా చల్లారదు.

ఆట ముగియడానికి నాలుగు సెకన్లుందనగా ఓల్ మిస్ కుర్రాడు ఎలైజా మూర్ మైదానం చివర గోల్ గీత అవతలుండే ఎండ్‌జోన్‌లో బంతి అందుకున్నాడు. టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. స్కోరు 21-20. ఇక బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్నితే మరో పాయింటు వస్తుంది, ఆట సమమవుతుంది. ఆ తన్ను మామూలుగా ఇరవై గజాల దూరం నుంచి. మన దగ్గర ఇళ్ల స్థలాలు చదరపు గజాల్లో కొలుస్తాం కదా, ఆ గజమే ఇదీ. ఇరవై గజాల తన్ను కాలేజీ కుర్రాళ్లకు గురి తప్పడం అరుదు.

బంతి దక్కిన ఆనందంలో మూర్ నాలుగు కాళ్ల మీద పాకాడు. ఒక కాలు పైకెత్తి, కుక్క ఉచ్చ పోస్తున్నట్టు అభినయించాడు. మా జట్టు పేరు బుల్‌డాగ్స్. రెఫరీ పసుపు రుమాలు గాల్లోకి విసిరాడు. పదిహేను గజాల శిక్ష. ఇరవై గజాల తన్ను ముప్పై అయిదు గజాలైంది. కిక్కర్ తన్నాడు, బంతి పక్కకు పోయింది. మేం గెలిచాం. మూడు రోజుల్లో ఓల్ మిస్ తన ప్రధాన కోచ్‌ను తీసేసింది.

ఆ రాత్రి గంట మోగించీ మోగించీ నా మణికట్టు నొప్పెట్టింది. ఇంటికి వచ్చే దారిలో మా వాడు అడిగాడు: “నాన్నా, ఆ అన్నకి ఎన్నేళ్లు?” పంతొమ్మిది. నేను ఈ దేశం వచ్చినప్పటి నా వయసు కన్నా తక్కువ. ఆ అబ్బాయి నాలుగు సెకన్ల చేష్టను మర్నాటికి దేశమంతా చూసింది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక ఆటలో సంతోషానికి శిక్ష ఎప్పుడు, ఎందుకు పుట్టిందని వెతుక్కుంటూ పోతే, నేనుంటున్న ఈ రాష్ట్రం చరిత్రే ఎదురైంది.

ఆ రాత్రి ఆడిన ఆట పేరు ‘ఎగ్ బౌల్’. గెలిచినవారికి బంగారు రంగు బంతి బొమ్మ ఇస్తారు. 1920ల నాటి బంతి ఇప్పటికన్నా బొద్దుగా ఉండేది కాబట్టి చూడ్డానికి గుడ్డులా ఉంటుంది. ఆ గుడ్డు పుట్టిందే సంబరం శ్రుతి మించడం వల్ల. 1926లో ఓల్ మిస్ జట్టు పదమూడు వరుస ఓటముల తర్వాత ఇదే స్టార్క్‌విల్‌లో 7-6తో గెలిచింది. వాళ్ల అభిమానులు మైదానంలోకి దూకి గోల్ స్తంభాలు పీకబోయారు. ఇక్కడివాళ్లు అడ్డుపడ్డారు. చెక్క కుర్చీలు విరిగేదాకా కొట్టుకున్నారు. మరుసటి ఏడాది విద్యార్థులే కూర్చుని ఆలోచించారు: గెలిచినవాళ్లకు మర్యాదగా చేతికిచ్చే వస్తువు ఒకటుంటే స్తంభాల జోలికి పోరు కదా అని. 1927 నుంచి ఆ గుడ్డు చేతులు మారుతూనే ఉంది.

మా చేతుల్లోని గంటలకూ ఒక కట్టుబాటుంది. మేమాడే ఎస్‌ఈసీ లీగు 1974లో మోత చేసే వస్తువులన్నిటినీ నిషేధించింది. జనం మానలేదు, దాచుకుని తెచ్చారు. చివరికి 2010లో లీగు దిగివచ్చింది: ఆట ఆగినప్పుడు మోగించుకోండి, బంతి ఆడబోయేటప్పుడు ఆపండి అంది. స్టేడియంలో ‘బాధ్యతగా మోగించండి’ అని రాసి ఉంటుంది. అరవై వేల మంది పెద్దవాళ్లు చేతిని అదుపులో పెట్టుకోవడానికి ముప్పై ఆరేళ్లు పట్టింది. పంతొమ్మిదేళ్లవాడికి మాత్రం ఆ అదుపు నాలుగు సెకన్లలో రావాలంటాం.

కుర్రాళ్ల సంబరాల కథ వేరే చోట మొదలైంది. 1965లో ప్రొఫెషనల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు హోమర్ జోన్స్ టచ్‌డౌన్ చేసి బంతిని నేలకేసి కొట్టాడు. అలా చేసినవాళ్లలో మొదటివాడిగా అతన్నే చెబుతారు. 1960ల చివర్లో హ్యూస్టన్ యూనివర్సిటీ కుర్రాడు ఎల్మో రైట్ మోకాళ్లు ఎత్తెత్తి పరుగెడుతూ ఎండ్‌జోన్‌లోకి వెళ్లేవాడు. 1973లో ప్రొఫెషనల్ ఆటలో అదే అడుగు నాట్యమైంది. ఇద్దరూ నల్లజాతివారే. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆ అడుగులు దేశమంతా పాకాయి, వాటితో పాటే వాటి మీద చిరాకూ పాకింది.

ఆ చిరాకు 1991 జనవరి 1న తెగేదాకా వచ్చింది. కాటన్ బౌల్‌లో మయామీ యూనివర్సిటీ 46-3తో టెక్సస్‌ను చిత్తు చేసింది. ఆ ఒక్క ఆటలో మయామీకి పడిన శిక్షలు పదహారు, మొత్తం 202 గజాలు. రాండల్ హిల్ అనే కుర్రాడు టచ్‌డౌన్ చేసి ఆగకుండా స్టేడియం సొరంగంలోకి పరుగెత్తి, వెనక్కి తిరిగి వేళ్లతో తుపాకులు పేల్చినట్టు అభినయించాడు. ఆ ఏడాదే కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన బిగించింది. జనం దానికి ‘మయామీ రూల్’ అని పేరు పెట్టారు. ఆ జట్టు పిల్లలు చాలామంది మయామీలోని పేద నల్లజాతి పేటల నుంచి వచ్చినవారు. అప్పటిదాకా ఆ పేటలవైపు తిరిగి చూడని నగరం వాళ్ల ఆట చూడ్డానికి టికెట్లు కొంది.

నిబంధనలో రెండు పోగులు కలిసి ఉన్నాయి. ఒకటి, ఎదుటివాణ్ని వెక్కిరించకూడదు. రెండు, అందరి చూపూ తనవైపు తిప్పుకునేలా ఆలస్యంగా, అతిగా, ముందే కూడబలుక్కుని ఏదీ చేయకూడదు. మొదటిది నాకు పూర్తిగా సమ్మతం. రెండోదాన్ని నేను ఒప్పుకోలేను. బంతిని గాల్లోకి ఎగరేయకూడదు, నేలకు కొట్టకూడదు, చివరికి నడుం వంచి జనానికి దండం పెట్టకూడదు. 1995లో, మోకాలి మీద నిలిచి ప్రార్థిస్తే కూడా శిక్షేనా అని వర్జీనియాలోని లిబర్టీ యూనివర్సిటీ కోర్టుకెక్కింది. ప్రార్థనకు అభ్యంతరం లేదని ఎన్‌సీఏఏ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

వెక్కిరింతకూ ఆనందానికీ తేడా చూడకపోతే ఏమవుతుందో 2008 సెప్టెంబరులో సియాటిల్‌లో తెలిసింది. ఆట ముగియడానికి రెండు సెకన్లుండగా వాషింగ్టన్ యూనివర్సిటీ జట్టులో పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ జేక్ లాకర్ తానే బంతితో దూసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. లేచి బంతిని వెనక్కి గాల్లోకి విసిరి తోటివాళ్లను కౌగిలించుకున్నాడు. ఎవరినీ చూడలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. పదిహేను గజాలు వెనక్కి నెట్టారు. ముప్పై అయిదు గజాల తన్నును అవతలివాళ్లు అడ్డుకున్నారు. ఎదురు జట్టు బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ 28-27తో గెలిచింది. 2010 డిసెంబరు 30న న్యూయార్క్‌లో కాన్సస్ స్టేట్ కుర్రాడు ఏడ్రియన్ హిల్‌బర్న్ ఆఖరి నిమిషాల్లో ముప్పై గజాల పాస్‌తో టచ్‌డౌన్ చేసి, గ్యాలరీలోని జనానికి ఒక సెల్యూట్ కొట్టాడు. దానికీ పదిహేను గజాలే. స్కోరు సమం చేయడానికి రెండు పాయింట్ల కోసం చేసిన ప్రయత్నం విఫలమైంది, ఎదురు జట్టు సిరక్యూస్ 36-34తో గెలిచింది. సైనికుడు చేస్తే గౌరవం, కుర్రాడు చేస్తే నేరం!

2011 నుంచి ఇంకా బిగించారు. గోల్ గీత దాటకముందే వెక్కిరిస్తే టచ్‌డౌనే చెల్లదన్నారు. ఆ అక్టోబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ పంటర్ బ్రాడ్ వింగ్ బంతి తన్నినట్టు నటించి పరుగెత్తాడు. పంటర్ అంటే బంతిని దూరంగా తన్నడం తప్ప జీవితంలో టచ్‌డౌన్ ఆశించని మనిషి. గీత దగ్గర పడుతుండగా రెండు చేతులూ బార్లా చాచాడు. అంతే, ఆ పరుగు లెక్కలోకి రాలేదు.

రూలుతో పనిలేకుండా ఆటే బుద్ధి చెప్పిన సందర్భమూ ఉంది. 2014 నవంబరులో సాల్ట్ లేక్ సిటీలో యూటా కుర్రాడు కేలిన్ క్లే గీతకు ఒక్క గజం ముందే, దాటేశాననుకుని బంతి వదిలేసి సంబరంలో పడ్డాడు. స్టేడియమంతా అతనితో పాటు కేకలేస్తోంది. ఓరెగాన్ కుర్రాడొకడు ఆ బంతి ఏరుకుని అవతలి చివరికి పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 14-0 కావాల్సిన స్కోరు 7-7 అయింది. మా వాడికి ఈ వీడియో పదిసార్లు చూపించాను. రెఫరీ శిక్ష గురించి వాదించొచ్చు. దీని గురించి వాదించడానికేమీ లేదు.

మళ్లీ మిసిసిపీకి వస్తాను. నేను చదివిన మిసిసిపీ స్టేట్ ఫుట్‌బాల్ జట్టులోకి తొలి నల్లజాతి కుర్రాళ్లు, ఫ్రాంక్ డౌసింగ్, రాబర్ట్ బెల్, 1969లో వచ్చారు. ఓల్ మిస్‌లో 1962లో జేమ్స్ మెరిడిత్ అనే ఒక్క నల్లజాతి విద్యార్థి చేరడానికి వస్తే రాత్రంతా అల్లర్లు జరిగాయి, ఇద్దరు చనిపోయారు, సైన్యం దిగింది. అక్కడ నల్లజాతి కుర్రాడు ఫుట్‌బాల్ ఆడటానికి 1972 రావాల్సి వచ్చింది. అంతకుముందు తరాల నల్లజాతి మగవాళ్లకు ఈ నేల మీద నేర్పిన ‘నిగ్రహం’ వేరు: కళ్లు దించుకో, గొంతు పెంచకు, తెల్లవాడు ఎదురైతే కాలిబాట దిగు. ఎంత వయసొచ్చినా వాళ్లను పేరు పెట్టో, ‘బాయ్’ అనో పిలిచేవారు. ‘సర్’ అన్న మాట వాళ్లకు దక్కేది కాదు.

మనకు తెలుగులో దీనికి రెండు మాటలున్నాయి. అణగడం ఒకటి, నిగ్రహించుకోవడం ఒకటి. అణిచేది బయటివాడు. నిగ్రహించుకునేది మనమే. బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనబడతాయి: చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. ఆ చేతులు ఎవరు కట్టారో చూడకుండా ‘ఈ కాలం కుర్రాళ్లకు పద్ధతి లేదు’ అనే మాట, అక్కడైనా ఇక్కడైనా, నేనిక అనలేను.

2020 జూన్‌లో మా జట్టులో బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ కైలిన్ హిల్, పక్కనే ఉన్న కొలంబస్ ఊరివాడు, ఒక మాట రాశాడు: రాష్ట్ర జెండా మారకపోతే ఈ రాష్ట్రం తరఫున ఆడను. 1894 నుంచీ ఆ జెండా మూలన బానిసత్వం కోసం యుద్ధం చేసిన కాన్ఫెడరేట్ల గుర్తు ఉండేది. ఆ వారంలోనే యూనివర్సిటీల కోచ్‌లు రాజధాని జాక్సన్‌కు వెళ్లి శాసనసభ్యులను కలిశారు. జూన్ 30న గవర్నర్ సంతకంతో ఆ జెండా దిగింది. ఒక్క కుర్రాడి వల్లే దిగిందనను, ఎందరో దశాబ్దాలుగా అడుగుతూ వచ్చారు. కానీ ఎప్పుడు నోరు మూసుకోవాలో మనం నేర్పుతున్న వయసులో ఎప్పుడు నోరు తెరవాలో అతనికి తెలిసింది. అప్పటికి ఈ కుర్రాళ్లకు ఆట మీద వచ్చే డబ్బులో వాటా కూడా లేదు. తమ పేరు మీద సంపాదించుకునే హక్కు 2021 జులైలో గానీ రాలేదు.

మా వాడు హైస్కూల్ జట్టులో పాస్‌లు అందుకునే వైడ్ రిసీవర్‌గా చేరాడు. రెండో ఏడు ఒక ఆటలో పెద్ద పాస్ పట్టుకుని, కిందపడ్డ కుర్రాడి ముఖం మీదికి వంగి బంతి ఊపాడు. పసుపు రుమాలు పడింది. కోచ్ మిగిలిన ఆటంతా వాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. నాకు ఒళ్లు మండింది, వాడి మీదా, కోచ్ మీదా. మా ఊళ్లో కబడ్డీ ఆడేటప్పుడు కూతకు వెళ్లే ముందు తొడ కొట్టడం నేనూ చేసినవాణ్నే. కానీ మేం తొడ కొట్టేది నిలబడ్డవాడి ముందు. పడ్డవాడి ముందు కొడితే మా ఊళ్లో పెద్దవాళ్లు చెవి మెలేసేవారు. అది గుర్తొచ్చి నోరు మెదపలేదు.

ఆట అయ్యాక కోచ్ వాడి పక్కన కూర్చున్నాడు. మిసిసిపీ డెల్టాలో పుట్టిన నల్లజాతి మనిషి, యాభై దాటాయి. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను. వాణ్ని తిట్టలేదు. “మా నాన్నని జీవితమంతా తల దించుకుని బతకమన్నారు. నీకు నేను చెప్పేది అది కాదు. నీకు సంతోషం వచ్చిందా? ముందు నీ కోసం బ్లాక్ చేసినవాడు ఎవడో వెతుక్కుని వాడి దగ్గరికి పరుగెత్తు” అన్నాడు. అంతే అన్నాడు. రూల్ పుస్తకంలో ఎక్కడా ఆ వాక్యం లేదు.

ఎలైజా మూర్ మరుసటి ఏడాది ఎనిమిది ఆటల్లో 86 పాస్‌లు పట్టాడు. దేశంలోని అత్యుత్తమ రిసీవర్లలో ఒకడయ్యాడు. 2021లో ప్రొఫెషనల్ జట్టు న్యూయార్క్ జెట్స్ అతన్ని తీసుకుంది. అతని పేరు చెబితే కుక్క చేష్టే గుర్తు తెచ్చుకునేవాళ్లకు నేను ఆ 86 సంగతి చెబుతుంటాను.

మా వాడి ఆఖరి ఏడు, ఆఖరి ఆట. బంతి వాడి చేతికి రాలేదు. తన కన్నా ముప్పై కేజీలు ఎక్కువ బరువున్న కుర్రాణ్ని ఎలాగో అడ్డగించి నిలువరించాడు. ఆ సందులోంచి వాడి స్నేహితుడు, నల్లజాతి పిల్లవాడు, దూసుకెళ్లి గీత దాటాడు. నాట్యం లేదు. బంతి తీసుకెళ్లి తెల్ల జుట్టు రెఫరీ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి నేరుగా మా వాడి మీదికి ఎగిరి దూకాడు. ఇద్దరూ గడ్డిలో దొర్లారు. ఎవరూ రుమాలు విసరలేదు.

కారెక్కాక అడిగాను, బంతి ఇచ్చినప్పుడు ఆ రెఫరీ ఏదో అన్నట్టున్నాడే అని.

“థాంక్యూ, సర్ అన్నాడంట నాన్నా.”

“మరి మీ వాడేమన్నాడు?”

“యెస్ సర్ అన్నాడు. ఇంకేమంటాడు?”