నిశాని పుట్టుపూర్వోత్తరాలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో, గద్వాల చుట్టుపట్ల విత్తనపు పత్తి వేయు చేలలో, సాయంకాలపు వేళ మొగ్గమొగ్గకును వంగి, బొటనవ్రేలి గోటితో దాని కేసరములను గిల్లివేసి, మఱునాటి ఉదయము వేఱొక పూవు పుప్పొడిని దానికి అద్దు స్త్రీల చేతులను నేను దగ్గఱగా చూచితిని. పంటకాలము ముగియునప్పటికి ఆ బొటనవ్రేలి చర్మము పసరుచే నల్లబాఱి, గీఱలన్నియు అరిగి, చింతగింజవలె నున్నబడియుండును. అట్టి వ్రేలినే ఒక అవ్వ చౌకధరల దుకాణములోని యంత్రముపై ఆనించి, ఒకసారి కాదు, మూడుసార్లు తుడిచి తుడిచి ఆనించి, "ఏలు పడ్తలేదు బిడ్డా, ఇంకోపారి పెట్టుమంటవా?" అని బియ్యము పోయువానిని బతిమాలుచుండగా వింటిని. ఈ వ్రేలిముద్రకు, ఈ నిశానికి ఇంతటి అధికారము ఎచ్చటనుండి వచ్చినది? ఆ అధికారము దొంగచేతికి ఎట్లు చిక్కినది? ఆ కథను మొదటినుండి చెప్పవలెనని ఆనాడే నాకు తోచినది.

నిశాని మన మాట కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు నిజాము ఏలుబడికి లోబడియుండిన కాలమున కచేరీలలో చెల్లిన ఫారసీ పలుకుబడినుండి దస్తావేజు, దస్కతు, మొహరులతో పాటు అదియు మన పల్లెలకు దిగివచ్చినది. మనకు అంతకు మునుపే చేవ్రాలు అను చక్కని మాట కలదు. కాని చేవ్రాలు అక్షరములు వచ్చినవానిది, నిశాని రానివానిది. "వాడు వట్టి వేలిముద్ర" అని ఈసడించుట నేటికిని పాలమూరు పల్లెలలో వినవచ్చును. ఆ ఈసడింపు వెనుక నున్న చరిత్ర మిక్కిలి దుఃఖకరమైనది. వానలు లేక, పొట్ట చేతబట్టుకొని దూరదేశములలో ఆనకట్టలకు, కాలువలకు మన్ను మోయుటకు పోయిన పాలమూరు కూలీలు, గుంపు మేస్త్రీ యిచ్చిన బయానా పైకమునకు తెల్లకాగితముపై బొటనవ్రేలు ఒత్తి కదలిరి. కాగితముపై ఆ తరువాత ఏమి వ్రాసికొన్నను అది వారు ఒప్పుకొన్నట్లే లెక్క. ఇతరుల గుర్తును వశపఱచుకొని వారి పేర అప్పు పుట్టించుట యను అపరాధము కంప్యూటరుతో పుట్టలేదు. మన సీమలో అది తెల్లకాగితముపై ఒత్తిన నీలిసిరా ముద్రతో పుట్టినదని నేను నమ్ముచున్నాను.

అంతకంటె ప్రాచీనమైన కథలును లేకపోలేదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమునందు రాక్షసామాత్యుని అంగుళీయకము చాణక్యునికి చిక్కగా, అతడు కపటలేఖ నొకదానిని వ్రాయించి, దానిపై ఆ ముద్ర వేయించి, రాక్షసునికి ప్రభువుతోను మిత్రులతోను గల నమ్మకమును కూకటివ్రేళ్లతో పెల్లగించెను. ముద్ర పోయినవాడు మంత్రియైనను తన మాటను తానే కాదనలేకపోయెను. నలోపాఖ్యానమున దమయంతికి వచ్చిన చిక్కు వేఱు. స్వయంవర మంటపములో నలుగురు దేవతలు నలుని రూపమే తాల్చి, అసలు నలునితో కలిసి వరుసగా కూర్చుండిరి. అప్పుడామె ముఖములను పోల్చుట మాని, ఎవనికి చెమట పట్టుచున్నది, ఎవని ఱెప్ప వాలుచున్నది, ఎవని పాదము నేలను తాకుచున్నది అని చూచి, ప్రాణమున్న మనుష్యుని గుర్తుపట్టెను. ఈ చెమట సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దానితో ముందు పని కలదు.

ఇక వ్రేలిముద్ర ప్రభుత్వ వ్యవహారములలోనికి ప్రవేశించిన తీరు వినదగినది. 1858 జులైలో వంగదేశమునందలి జంగీపూరులో ఉద్యోగము చేయుచుండిన విలియం హెర్షెల్ అను ఆంగ్లేయాధికారి, బాటలకు కంకర తెచ్చుటకై రాజ్యధర్ కొనాయి అను గుత్తేదారుతో ఒడంబడిక వ్రాయించి, కచేరీ మొహరుకు వాడు నూనెసిరాను అతని చేతికి పూసి, పత్రము వెనుక అరచేతితో సహా ఒత్తించెను. ఆ గీఱలకు శాస్త్రార్థమేమున్నదో హెర్షెలుకు అప్పటికి తెలియదు. రేపు ఆ మనుష్యుడు తాను ఒప్పుకొనలేదని బొంకకుండ ఒక జంకు పుట్టించుటయే అతని ఉద్దేశము. పాలితుని మాటపై పాలకునికి గల అపనమ్మికనుండి ఈ విద్య పుట్టినదన్నమాట. 1877 నాటికి అతడు హుగ్లీ జిల్లాలో, చనిపోయినవారి పేర ఇతరులు పింఛను తినకుండుటకును, రిజిస్టరు చేసిన దస్తావేజులను కాదనకుండుటకును, ఒకరి శిక్షను మఱియొకరు అనుభవింపకుండుటకును వ్రేలిముద్రలు తీయించెను. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్, ఇద్దఱి ముద్రలు ఒకటియగుటకు గల అవకాశము 6,400 కోట్లలో ఒకటియని గణించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను 1,024 అరలలో వర్గీకరించిన పద్ధతికి గణితమును సమకూర్చినవాడు అజీజుల్ హక్, దానికి తోడ్పడినవాడు హేమచంద్ర బోసు. లోకములో పేరు నిలిచినది మాత్రము వారి పైయధికారి ఎడ్వర్డ్ హెన్రీది. ఇతరుల ముద్రలకు కావలి కాసిన ఆ యిద్దఱి ముద్ర వారి కృషిమీద నిలువకపోవుట నాకు నేటికిని బాధ కలిగించును.

మన సీమలో రాజముద్రల కాలము గడచినది. వనపర్తి రాజప్రాసాదములో 1959లో పాలిటెక్నిక్ వెలసినది. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును వేర్వేరు జిల్లాలైనవి. నిశాని మాత్రము పోలేదు, పైపెచ్చు బలిసినది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమునకు 2001లో 32ఏ సెక్షను చేర్చి, భూమి అమ్మువారు, కొనువారు ఫొటోతో పాటు వ్రేలిముద్రను దస్తావేజుపై వేయవలెనని విధించిరి. ఒకరి భూమిని వేఱొకరు అమ్ముకొనకుండుటకే ఈ కట్టడి. 2009లో ఆధార్ ప్రాధికార సంస్థ ఏర్పడి, 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామములో తొలి సంఖ్యలను పంచినది. పది వ్రేళ్లు, రెండు కనుపాపలు, ఒక ముఖము, పండ్రెండు అంకెలు: దేశజనుల ఆనవాలు అంతయు అందులో ఇమిడినది.

కాపాడుటకై వేసిన ముద్రయే కన్నము వేయుటకు త్రోవయైనది. దస్తావేజులను ప్రజల సౌకర్యార్థము అంతర్జాలమున పెట్టగా, వానిమీది వ్రేలిముద్రలును ఆధార్ సంఖ్యలును ఒక్కచోటనే ఎవరి కంటికైనను కానవచ్చెను. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారములో సిమ్ కార్డులు అమ్ము ఒక దుకాణదారుడు, కంపెనీ విధించిన అమ్మకపు లక్ష్యమును చేరుకొనుటకై ఆ దస్తావేజులను దించుకొని, రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో ఇతరుల వ్రేళ్లను పోతపోసి, వేలకొలది సిమ్ములను వారి పేర చెల్లుబాటు చేసికొనెను. తమ పొలము అమ్మినవారు, కొన్నవారు తమ పేర ఎచ్చటనో ఫోను మ్రోగుచున్నదని ఎఱుగనే యెఱుగరు. పిమ్మట ఇట్టి వ్రేళ్లు బ్యాంకు ఖాతాలమీదికి వచ్చినవి. పల్లెలో బ్యాంకు తరపున డబ్బిచ్చు బ్యాంకు మిత్ర చేతిలోని చిన్న యంత్రమునకు ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలు ఉన్న చాలును, ఓటీపీ అక్కఱలేదు, ఒక్కొక్కమారు పదివేల రూపాయల వఱకు తీయవచ్చును. ముసలివారికి, చదువు రానివారికి అది గొప్ప మేలు. పోతపోసిన వ్రేలు గలవానికిని అంతే మేలు. తాళపుచెవి పోయిన తాళము మార్చుకొందుము. పాస్‌వర్డు తెలిసిపోయిన మఱియొకటి పెట్టుకొందుము. పోయిన వ్రేలికి బదులు మఱియొక వ్రేలు ఎచ్చటినుండి తేగలము?

2023 ఫిబ్రవరిలో ప్రాధికార సంస్థ, గీఱలను పోల్చుటతో తృప్తిపడక, ఆనించినది బ్రతికియున్న వ్రేలా, రబ్బరు తునకయా యని చూచు పద్ధతిని తెచ్చినది. చదువరులకు దమయంతి జ్ఞప్తికి రాక మానదు.

న్యాయము కొంత ఆలస్యముగానైనను కదలినది. ఇతరుల గుర్తింపు ఆనవాళ్లను మోసముతో వాడుకొన్నవానికి మూడేండ్ల వఱకు ఖైదును, లక్ష వఱకు జుల్మానాయును విధించు 66సీ సెక్షను 2009నుండి ఐటీ చట్టమున కలదు. 2017 ఆగస్టు 24న, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన దావాలో, సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము గోప్యత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. మన ప్రమేయము లేకుండ డబ్బు పోయిన వెంటనే సైబరు మోసముల ఫిర్యాదు నంబరైన 1930కి ఫోను చేయుట, మూడు పనిదినములలోపల బ్యాంకునకు తెలుపుట ప్రాణప్రదమైన పనులు. బయటివారి మోసమైనచో ఆ గడువులో తెలిపిన ఖాతాదారుపై నష్టభారము పడరాదని రిజర్వు బ్యాంకు 2017లోనే ఆదేశించినది. జిరాక్సు దుకాణములో ఆధార్ ప్రతి ఇచ్చునపుడు మొదటి ఎనిమిది అంకెలు కప్పిన ప్రతినే ఇచ్చి, ఏ పనికి ఇచ్చితిమో, ఏ తేదీన ఇచ్చితిమో దానిమీద అడ్డముగా వ్రాయుట నేను నా యింటివారికందఱికి నేర్పితిని. మన పేర ఎన్ని సిమ్ములున్నవో చూచుకొను సదుపాయము 2021లో మొదట మన రెండు తెలుగు రాష్ట్రములవారికే వచ్చినది. నేడు సంచార్ సాథీ అను ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఎల్లరకును కలదు.

అన్నిటికంటె ముఖ్యము బయోమెట్రిక్ తాళము. ఆధార్ యాప్‌లో దానిని వేసికొన్నచో వ్రేలు, కనుపాప ఎచ్చటను చెల్లవు. పని పడినపుడు తీసి, మరల వేసికొనవలెను. కాని ఆ తాళమునకు నమోదైన ఫోను కావలెను. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు అడవులలో పెంటలను గూడెములయందు వసించు చెంచు ముదుసలికి, వలసకూలీయై ఫోను నంబరు మూడుమార్లు మారినవానికి, ఆ రక్షణ కంచెకు అవతల నున్నది. ఎవరి వ్రేలు ఎక్కువ అరిగినదో, ఎవరి బ్రతుకు ఆ వ్రేలిపైననే ఎక్కువగా ఆధారపడియున్నదో, వారికే తాళము అందకుండుట నాకు సహింపరానిదిగా నున్నది.

ఆ నడిగడ్డ అవ్వకు ఫోను లేదు; మనుమడు తన నంబరును ఆమె ఆధార్‌కు నమోదు చేయించి, తాళము వేసి, బియ్యము తెచ్చుకొను దినమున మాత్రము తీయుచున్నాడు. మొదటిసారి వేసినపుడు ఆమె బొటనవ్రేలిని వెలుతురుకు పెట్టి, త్రిప్పి త్రిప్పి చూచుకొని, "తాళం ఏసినవంటివి, నాకేం కనవడ్తలేదేంరా?" అని అడిగినది. "నా ఫోనుల ఉంటదవ్వా" అన్నాడు వాడు. "మరి నువ్వు పట్నం పోతే?" అన్నది అవ్వ.