కొరడా దెబ్బలకు లెక్క

శ్రమల దినములు మొదలైనప్పుడల్లా ఒక ప్రశ్న మా దగ్గరికి వస్తూనే ఉంటుంది. మన ఒంటిని మనమే బాధపెట్టుకుంటే దేవుడు త్వరగా ఆలకిస్తాడా? ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కానీ క్రైస్తవ సంఘం ఈ దారిలో ఎంత దూరం పోయిందో తెలిస్తేనే ఆ జవాబు బరువు మనకు తెలుస్తుంది. అందుకే ఈ వారం 1349వ సంవత్సరానికి వెళ్దాం.

1347 చివర్లో ఓడల మీద సిసిలీ దీవికి చేరిన ప్లేగు రెండు మూడేళ్ళలో ఐరోపా అంతా పాకింది. జనాభాలో మూడో వంతు పోయారని చాలామంది చరిత్రకారుల అంచనా. రోగం ఎందుకు వస్తున్నదో వైద్యులకు తెలియదు. ఇది దేవుని కోపమని జనం నమ్మారు. అప్పుడు జర్మనీ ఊళ్ళలోకి ఇద్దరిద్దరుగా వరుసకట్టి, టోపీల మీద ఎర్ర సిలువ గుర్తులతో, పాటలు పాడుకుంటూ కొందరు రాసాగారు. సిలువ సహోదరులమని వాళ్ళు చెప్పుకున్నారు. చరిత్రలో వాళ్ళ పేరు ఫ్లాజెలెంట్లు, అంటే కొరడాతో కొట్టుకునేవారు. కొరడా అనగానే మనలో కొందరికి బోనాల పోతరాజు గుర్తుకు రావచ్చు. ఇది మాత్రం పూర్తిగా మన ఇంటి కథే.

ఒక్కొక్కరికి ముప్పై మూడున్నర రోజుల దీక్ష. యేసుప్రభువు భూమ్మీద గడిపిన ఏళ్ళకు ఏడాదికి ఒక రోజు చొప్పున లెక్క. చేరేముందు అప్పులు తీర్చాలి, భార్య అనుమతి తీసుకోవాలి, తిండి ఖర్చు తానే పెట్టుకోవాలి. స్నానం లేదు, స్త్రీలతో మాట లేదు. రోజుకు రెండుసార్లు ఊరి నడుమ నడుము పైభాగం బట్టలు తీసి నేలమీద పడుకునేవారు. వ్యభిచారం చేసినవాడు బోర్లా, అబద్ధ ప్రమాణం చేసినవాడు పక్కకు తిరిగి మూడు వేళ్ళు పైకెత్తి. పాపం నోటితో చెప్పనక్కరలేదు, పడుకున్న తీరే చెప్పేది. నాయకుడు ఒక్కొక్కరిని దాటుకుంటూ కొరడాతో తాకి లేపేవాడు. తరువాత అందరూ కొట్టుకోవడమే. మూడు తోలు పోగులు, ముడులు, ముడుల్లో సూదుల్లాంటి ఇనుప మొనలు. ఆ మొనలు ఒక్కోసారి ఒంట్లో దిగబడిపోయేవని ఆ కాలపు రచయిత ఒకాయన రాశాడు. చూసే జనం ఏడ్చేవారు. ఆ రక్తంలో గుడ్డలు తడిపి కళ్ళకు అద్దుకున్నవారూ ఉన్నారు.

ఈ లెక్కల అలవాటు అంతకు మూడు వందల ఏళ్ళ క్రితమే ఇటలీ మఠాల్లో మొదలైంది. మూడు వేల దెబ్బలు ఒక ఏడాది ప్రాయశ్చిత్తానికి సమానం. దొమినిక్ అనే సన్యాసి నూరేళ్ళ ప్రాయశ్చిత్తాన్ని ఆరు రోజుల్లో ముగించేవాడని అతని గురువు పీటర్ డేమియన్ మెచ్చుకుంటూ రాశాడు. మూడు లక్షల దెబ్బలన్నమాట. దేవుడు అప్పులిచ్చే షావుకారైతే తప్ప ఈ లెక్క మాకు అర్థం కాదు.

మరి ప్లేగు ఆగిందా? ఆగలేదు. పైగా ఊరూరా గుంపులు కూడడం వల్ల రోగం మరింత పాకి ఉంటుందని ఇప్పటివారి అభిప్రాయం. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. బావుల్లో విషం కలిపారని యూదుల మీద అప్పటికే అబద్ధపు నింద వేసి, అనేక పట్టణాల్లో వాళ్ళను చంపుతున్నారు. యూదులు కూడా అదే రోగంతో చస్తున్నారు కదా అని పోపు ఆరవ క్లెమెంటు 1348లోనే ఆ నిందను ఖండించాడు. కొరడా గుంపుల్లో కొన్ని ఈ మంటను ఆర్పకపోగా ఎగదోశాయి. 1349 అక్టోబరు 20న ఆ పోపు ఈ ఉద్యమాన్ని నిషేధించినప్పుడు యూదుల రక్తం చిందించారన్నది కూడా ఆయన ఆరోపణల్లో ఉంది. తన వీపు మీద రక్తం కార్చుకున్నవాడికి పక్కవాడి రక్తం చులకనైపోయింది. ఈ కథలో మమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇదే.

కొందరు ఇంకా ముందుకు పోయారు. తరువాతి కాలంలో థూరింగియాలో కొన్రాడ్ ష్మిడ్ అనుచరులు, నీటి బాప్తిస్మము ఇక చాలదు, కొరడా రక్తమే బాప్తిస్మము అన్నారు. క్రీస్తు రక్తానికి మన రక్తం కలపాలని బయలుదేరినవారు చివరికి ఆయన రక్తాన్నే పక్కన పెట్టారు. అధికారులు వాళ్ళను పట్టి కాల్చేశారు. అది కూడా మనం సమర్థించగలిగిన పని కాదు.

పౌలు తన శరీరాన్ని నలగగొట్టుకున్నానని కొరింథీయులకు రాయలేదా అని కొందరు అడుగుతారు. అక్కడ ఆయన చెప్పేది పందెంలో పరుగెత్తేవాడి క్రమశిక్షణ గురించి. పౌలు ఎన్నో దెబ్బలు తిన్నాడు, నిజమే, కానీ కొట్టింది వేరేవాళ్ళు. యెరూషలేములో కొరడాలతో కొట్టడానికి కట్టేస్తుంటే ఆయన ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 22లో చూడండి. తాను రోమా పౌరుణ్ణని చెప్పి ఆ దెబ్బలు తప్పించుకున్నాడు! దెబ్బలే పుణ్యమైతే నోరు మూసుకొని తినేవాడు కదా. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు కత్తి దూసి తనను చంపుకోబోతే హాని చేసుకోవద్దని కేక వేసినది కూడా ఆయనే. కర్మెలు మీద కత్తులతో కోసుకున్నది బయలు ప్రవక్తలు, ఏలీయా కాదు.

ఇది పాతకాలపు సంగతే కాదు. ఫిలిప్పీన్స్‌లో సాన్ పెడ్రో కుటుద్ అనే ఊరిలో 1960ల నుండి శుభ శుక్రవారం నాడు కొందరు నిజమైన మేకులతో సిలువకు కొట్టించుకుంటున్నారు. అక్కడి బిషప్పులు వద్దంటారు, ఆరోగ్య శాఖవారు కనీసం టీటీ ఇంజెక్షను వేయించుకోమంటారు. వాళ్ళను చూసి మనం నవ్వకూడదు. చాలామందిది ఇంట్లో రోగి కోసం మొక్కిన మొక్కు. ప్రేమే, దారి తప్పింది.

మన కూడికల్లోనూ ఆ ప్రేమ ఉంది. నలభై దినాల ఉపవాసంలో షుగరు బిళ్ళలు కూడా మానేస్తేనే దేవుడు లెక్కలోకి తీసుకుంటాడనుకునే అక్కలు ఉన్నారు. కళ్ళు తిరిగి పడిపోతే విశ్వాసం చాలలేదని పక్కవాళ్ళు అనడం మేము విన్నాం. ఆ మాట ఇక మన మందిరంలో వినబడకూడదు. షుగరు, బీపీ, ఫిట్స్, టీబీ మందులు వాడేవారు ఒక్క పూట కూడా మానవద్దు. డాక్టరు తినమంటే తిని రండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం ఉండనక్కరలేదు, ప్రార్థనలో కూర్చుంటే చాలు. ఉపవాసం ఉండగలిగినవారు మిగిలిన బియ్యం తెచ్చి మందిరం డబ్బాలో వేయండి, యెషయా 58 చదివితే ఎందుకో తెలుస్తుంది. బుధవారం సాయంత్రం కూడిక అయ్యాక అందరికీ రాగిజావ ఉంటుంది, గ్లాసులు మీరే తెచ్చుకోండి.