ఆగకుండానే దింపిన రైలు

అక్టోబరు 19 రైలు ప్రయాణికులంతా గుర్తుపెట్టుకోదగ్గ తేదీ. 1839లో ఆ రోజున మాంచెస్టర్‌లో పటాలు చెక్కి అచ్చువేసే జార్జ్ బ్రాడ్‌షా, వేర్వేరు కంపెనీల రైలు వేళల్ని ఒకచోట చేర్చి చిన్న పుస్తకం తెచ్చాడు. బండి ఎక్కడ ఆగుతుందో ఇంటి దగ్గరే తెలుసుకుని బయల్దేరే భాగ్యం మామూలు మనిషికి ఆ పుస్తకంతోనే మొదలైందని నా నమ్మకం.

అంతకుముందు శతాబ్దాల తరబడి జనం ఎలా తిరిగారో చెప్పే ఆధారాలు తక్కువే. సత్రాల శాసనాలు, యాత్రికుల రాతలు కొన్ని మిగిలాయి. మనకు మాత్రం ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. మజిలీ మజిలీకీ దూరమెంతో, అక్కడ ఏం దొరుకుతుందో రాసిపెట్టాడు. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది, అంటే బ్రాడ్‌షా కంటే ఏడాది ముందు. వెనక వచ్చేవాడు దారిలో ఇబ్బంది పడకూడదనే తపన ఇద్దరిదీ.

బ్రాడ్‌షా పుస్తకం మాత్రం రైళ్లతోపాటు ఉబ్బిపోయింది. 1840లలో ఎనిమిది పేజీలతో వచ్చిన నెలవారీ గైడు 1898 నాటికి 946 పేజీలైంది. అంకెల పక్కన గుర్తులు, అడుగున సన్నటి అక్షరాల్లో షరతులు. ఈ బండి శనివారాలే ఆగుతుంది, ఆ బండి గార్డుకు ముందుగా చెబితేనే ఆగుతుంది, ఇంకోటి లండన్ నుంచి వచ్చేవాళ్లను దింపడానికే ఆగుతుంది. ఆ షరతుల నడుమ నాకు ఎప్పటికీ తనివి తీరని ముచ్చట ఒకటి ఉంది. అదే స్లిప్ కోచ్.

దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్ చిన్న ఊళ్లలో ఆగితే ఆలస్యం, ఆగకపోతే ఆ ఊరివాళ్లకు అన్యాయం. ఈ చిక్కుకు 1858 నుంచే ఇంగ్లండులో ఒక సాహసం చేశారు. బండి చివర తగిలించిన పెట్టెలో ముందు గదిలో ప్రత్యేకంగా ఒక గార్డు ఉండేవాడు. ముందుకు చూడటానికి అతనికి కిటికీలు, చేతికి ఒక మీట. ఊరు దగ్గరపడగానే మీట లాగితే కొక్కెం విడిపోయేది. ఎక్స్‌ప్రెస్ తన దారిన దూసుకుపోయేది. విడిపోయిన పెట్టె పట్టాల మీద ఒంటరిగా దొర్లుకుంటూ వస్తుంటే, గార్డు బ్రేకు కొద్దికొద్దిగా వేస్తూ సరిగ్గా ప్లాట్‌ఫాం పక్కన నిలిపేవాడు. బండి వెనకుండే ప్రత్యేకమైన దీపాలను బట్టి, అది రెండు ముక్కలుగా వస్తోందని సిగ్నల్ కేబిన్లవాళ్లు కనిపెట్టేవాళ్లు. 1904లో మొదలైన కార్నిష్ రివియెరా ఎక్స్‌ప్రెస్ లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్ నుంచి ప్లిమత్‌కు ఆగకుండా పరిగెత్తేది. ఆ తర్వాతి ఏళ్లలో వెస్ట్‌బరీ, టాంటన్, ఎక్సెటర్‌లకు ఇలాగే పెట్టెలు వదిలింది.

ఎక్కేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పెట్టె తప్పు ఎక్కితే ఊరు కళ్లముందే వెనక్కి పోయేది. స్లిప్ కోచ్ నుంచి మిగతా బండిలోకి సాధారణంగా దారి ఉండదు కాబట్టి భోజనాల పెట్టె ఆశా లేదు. ఇక తిరుగు ప్రయాణంలో ఆ సౌకర్యమే లేదు. పరిగెత్తే బండికి పెట్టెను తగిలించలేరు కదా! ఇంత జంజాటం ఉన్నా ఆ పద్ధతి నాకెంతో ఇష్టం. వేగం కోసం ఊరిని వదిలెయ్యలేక, ఊరి కోసం వేగాన్ని వదులుకోలేక మనుషులు పడ్డ శ్రమ అందులో ఉంది. చివరి స్లిప్ కోచ్ 1960 సెప్టెంబరులో బిస్టర్ స్టేషన్లో విడిపోయింది. మరుసటి ఏడాదే బ్రాడ్‌షా గైడూ ఆగిపోయింది.

వేగానికీ ఊరికీ మధ్య ఆ పెనుగులాట మాత్రం ఇంకా ఆగలేదు. మన దగ్గర బ్రాడ్‌గేజ్ మీద సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు ఉంటే సూపర్‌ఫాస్ట్, దానికి అదనపు రుసుము. ఒక హాల్టు ఇవ్వమని ఊరు అర్జీ పెడుతుంది, ఇస్తే సగటు పడిపోతుందని లెక్కలు అడ్డొస్తాయి. ఇచ్చినా చాలాసార్లు ‘ప్రయోగాత్మకం’ అంటారు. సిబ్బంది మారడానికో, సిగ్నల్ కోసమో ఆగే చోట్లు ప్రయాణికుల టైంటేబుల్లో కనిపించవు. విశాఖలో ఇంజను దిశ మార్చే పని తప్పించడానికి కొన్ని బండ్లు దువ్వాడలోనే ఆగి వెళ్లిపోతాయి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక, సికింద్రాబాద్ అనుకుని బయల్దేరేవాళ్లు టికెట్ ఇంకోసారి చూసుకోవాల్సి వస్తోంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది అర్ధరాత్రి బండి. టికెట్ మీద 15వ తేదీ, 00.05 అని ఉంటుంది. పెద్దవాళ్లు 15 రాత్రి భోంచేసి, సంచులు సర్దుకుని స్టేషన్‌కు వస్తారు. బండి దాదాపు ఒక రోజు ముందే వెళ్లిపోయి ఉంటుంది. ‘14వ తేదీ రాత్రి స్టేషన్‌కు రండి’ అన్న ఒక్క ముక్క టికెట్ మీద పెద్దక్షరాల్లో అచ్చువేస్తే చాలు. ఫోన్‌కు వచ్చే సందేశంలోనూ అదే మాట తెలుగులో ఉండాలి.