కాడిలాక్ సీటీఎస్-వీ రెండవ తరం: రేసు ట్రాక్‌కు అనువైన మార్పులు

కాడిలాక్ సీటీఎస్-వీ అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ తయారు చేసిన సెడాన్ కారు. 2009 నుండి 2014 వరకు మోడళ్ళు వెలువడిన రెండవ తరం సెడాన్‌లో 6.2 లీటర్ల సూపర్‌ఛార్జర్ గల వి8 ఇంజను ఉండేది. దాని శక్తి 556 హార్స్‌పవర్, కారు బరువు సుమారు 1,900 కిలోలు. 2008లో జాన్ హెయిన్‌రిసీ ఈ కారుతో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 7 నిమిషాల 59.32 సెకన్లలో చుట్టివచ్చాడు.

బ్రేకులు

ట్రాక్‌పై ఇంత బరువైన కారుకు ముందుగా ఎదురయ్యే ప్రమాదం బ్రేకుల వేడి. చలనశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కనుక గంటకు 200 కి.మీ. వేగం నుండి ఆపినపుడు, 100 కి.మీ. నుండి ఆపినపుడు పుట్టే దానికి దాదాపు నాలుగు రెట్ల వేడి పుడుతుంది. పైగా బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకపు కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరిన ద్రవానికి ఆ ప్రమాణం 155 డిగ్రీలు మాత్రమే. ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ అడుగు వరకు దిగినా వేగం తగ్గదు. అందువలన తొలి ఖర్చు ఇంజనుపై పెట్టడం పొరపాటు. కొత్త ద్రవం, అధిక వేడిని తట్టుకొనే ప్యాడ్లు ముందు కావాలి.

మలుపులు

మలుపులో బరువు బయటివైపు చక్రాలపైకి మళ్ళుతుంది. ముందు టైర్లు పట్టు కోల్పోతే కారు స్టీరింగు తిప్పినంతగా తిరగదు. దీనిని అండర్‌స్టీర్ అంటారు. ముందు చక్రాల పైభాగాన్ని కొద్దిగా లోపలికి వాల్చి అమర్చితే (నెగటివ్ కాంబర్) పట్టు పెరుగుతుంది. వెనుక యాంటీ-రోల్ బార్‌ను గట్టిపరచడం మరొక మార్గం. అయితే ఇంజను శక్తి అంతా వెనుక చక్రాలకే చేరే ఈ కారులో అది మితిమీరితే, మలుపు నుండి బయటపడుతూ యాక్సిలరేటర్ తొక్కగానే వెనుక భాగం జారిపోతుంది.