ఓరుగంటివారు: ఒక యింటిపేరి విచారము

బల్కంపేటలో మా యింటికి రెండిండ్ల యవతల కాపురమున్న యొక చిన్నవాడు ఇటీవల నాయొద్దకు వచ్చెను. అతడు అమీరుపేటలో కంప్యూటరు విద్య నేర్చి, విదేశమునకు బోవ సంకల్పించి, పాస్‌పోర్టు దరఖాస్తును చేత బట్టుకొనియుండెను. ఆ పత్రమున పేరున కొక గడియు, ఇంటిపేరున కొక గడియు వేఱువేఱుగ నున్నవి. అతని బడిపత్రములలో నన్నింట పేరునకు ముందు 'ఓ' అను నొక్క యక్షరమే కలదు. "అయ్యగారూ, మా యింటిపేరు ఓరుగంటి. మా పూర్వులలో నొకనికి ఒంటికన్ను ఉండెననియు, అందుచే నీ పేరు వచ్చెననియు మా తాత చెప్పెడివాడు. అది నిజమేనా? ఇట్టి పేరుగలవారు మఱియెక్కడనైన నున్నారా? ఉన్నచో నెందఱు?" అని యడిగెను. మొదటి ప్రశ్నకు వ్యాకరణము సమాధానము చెప్పగలదు. రెండవదానికి సమాధానము చెప్పుట యెందుకు దుర్ఘటమో విచారించుటయే యీ వ్యాసము వ్రాయుటకు కారణము.

ముందు శబ్దమును చూతము. 'గంటి' యను నుత్తరపదమునకు మూలము 'కంటి'. పూర్వపదము మీద సరళాదేశమువలన కకారము గకారమైనది. ఈ 'కంటి' రెండు శబ్దములనుండి రాగలదు. కన్ను శబ్దమునకు కంటి యగుట యెల్ల రెఱిగినదే. కల్లు శబ్దమునకును కంటి యే యగును. ఇచట కల్లనగా త్రాగెడు కల్లు గాదు, ఱాయి. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున ఇ, టి, తి వర్ణములను ఔపవిభక్తికములని చెప్పియున్నాడు. విభక్తిప్రత్యయము పరమగునపుడును, షష్ఠ్యర్థమునను కొన్ని శబ్దముల తుది యీ వర్ణములచే మాఱును. ఇల్లు ఇంటి యగును, విల్లు వింటి యగును. ఆ తీరుననే ఓరుగల్లు ఓరుగంటి యగుచున్నది. దూరపు టుదాహరణ మక్కఱలేదు. 'ఇంటిపేరు' అను మాటయే యీ మార్పును మోయుచున్నది. ఇల్లు ఇంటి యయినట్లే కల్లు కంటి యయినది.

అయినచో కన్నా, ఱాయా యను సంశయమును తీర్చుట యెట్లు? శబ్దరూపము రెంటికిని సమానమే కావున శబ్దముచే నిర్ణయము కాదు, ఇతర ప్రమాణము కావలెను. అది కాకతీయుల రాజధానికి గల సంస్కృతనామమున దొరకుచున్నది. ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమున ఆ నగరము ఏకశిల యని వ్యవహరింపబడినది. శిల యను మాట ఉత్తరపదార్థమును స్పష్టపఱచుచున్నది. కాన నీ యింటిపేరు ఒంటికంటివానిది గాదు, ఓరుగల్లు నగరమునకు చెందినవారిది.

ఇట్టి భ్రాంతి యీ పేరున కొక్కదానికే పట్టినది కాదు. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున కాపులలోని తెగలను చెప్పుచు, పెడకంటివారి పేరు పెడకల్లను నూరినుండి వచ్చినదని కొందఱనుదురనియు, ఎదుటివారు మాటలాడునపుడు కన్ను పెడగా త్రిప్పుకొనువారని మఱికొందఱు చెప్పుదురనియు రెండు కథలను చేర్చియున్నాడు. ఔపవిభక్తికమును మఱచిన జనము దానిని పూరించుటకు కథను కల్పించుకొనును. కల్లు కంటి యగునన్న యొక్క సూత్రము జ్ఞాపకమున్నచో నా కథతో పనిలేదు. అట్లని 'గంటి' యను తుదిగల ప్రతి పేరును ఱాతికే కట్టరాదు. గల్లు తుదిగల యూరు నిజముగ నుండెనని చూపగలిగినచోటనే యీ వ్యుత్పత్తి చెల్లును.

ఇక నింటిపేళ్లలో నీ షష్ఠీరూప మెంత వ్యాపించియున్నదో చూడుడు. కందుకూరు కందుకూరి యయినది, వేటూరు వేటూరి యయినది. హైదరాబాదు నగరమునకు 1951లో ప్రథమ మేయరైన మాడపాటి హనుమంతరావుగారి యింటిపేరిలో పాడు శబ్దము పాటి యయి నిలిచియున్నది. ఏఱు తుదిగల యూళ్లు ఏటి యగును. పల్లి, కొండ, మఱ్ఱి మున్నగునవి షష్ఠియందును మాఱవు గనుక దేవులపల్లి, రాచకొండ, పిల్లలమఱ్ఱి యనువానియందు మార్పు గానరాదు. కాని యర్థమున నవియు షష్ఠులే. ఊరితో సంబంధములేని యింటిపేళ్లును గలవు. పదుమూడవ శతాబ్దివాడైన తిక్కనసోమయాజి వంశనామము కొట్టరువు. అది కొఠారమును, దాని యధికారమును తెలుపును. అయినను తెలుగువారి యింటిపేళ్లలో నూరిపేళ్ల పాలు మిక్కిలి పెద్దది.

షష్ఠి యొంటరిగ నుండునది కాదు, సంబంధి నపేక్షించును. 'ఓరుగంటి' యనినంతనే 'ఎవరు?' అను నాకాంక్ష కలుగును. దానికి పూరకముగ 'వారు' అనియో, 'రామయ్య' అనియో వెనుక రావలెను. మనవారు ఇంటిపేరును ముందుంచి పేరును వెనుక నుంచుట యలవాటు మాత్రమే కాదు, వాక్యనిర్మాణమే యట్టిది. నేడు విదేశపు పత్రములకై పేరును ముందుకును, ఇంటిపేరును తుదకును ద్రోయుచున్నారు. అపుడు షష్ఠి తన సంబంధిని కోల్పోయి వ్రేలాడుచుండును. వ్యవహారమునకై యట్లు చేయక తప్పదేమో గాని, తెలుగున వ్రాయునపుడును అట్లే త్రిప్పి వ్రాయుట కేమియు నావశ్యకత లేదు.

ఊరిపే రింటిపే రగుట యెపుడు? ఈ ప్రశ్నకు పాణినీయము చక్కని మార్గము చూపుచున్నది. అష్టాధ్యాయి నాలుగవ యధ్యాయము మూడవ పాదమున తద్ధితప్రత్యయములు విధించుచు నాచార్యుడు నివాసమును వేఱుగను, అభిజనమును వేఱుగను చెప్పినాడు. ఇపుడు తా నుండుచోటు నివాసము, తన పూర్వులుండినచోటు అభిజనము అని పతంజలి వివరించినాడు. మన యింటిపేళ్లు అభిజనమును దెలుపునవి, నివాసమును గాదు. ఓరుగల్లులో నెల్లవారును ఓరుగల్లువారే కావున అచట నా పేరు ఒకరినుండి యొకరిని వేఱుచేయజాలదు. అచటివా డొకడు మఱియొక యూరు చేరినపుడే ఆ యూరివారతనిని 'ఓరుగంటివాడు' అందురు. కాన నీ యింటిపేరు ఒక ప్రయాణమునకు సాక్ష్యము. ఓరుగల్లును విడిచి వచ్చినవాడే ఓరుగంటివాడైనాడు.

ఇందుకు మన నాటికి దగ్గఱి యుదాహరణము గలదు. 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారి వంశపు మొదటి యింటిపేరు పుల్లంరాజు. బూర్గుల వారి గ్రామము. లోకమున గ్రామనామమే నిలిచి, మొదటి పేరు మఱుగుపడినది. ఒక తరమున నింటిపేరు మాఱుట మన కన్నుల యెదుటనే జరిగినపు డాఱేడు నూఱుల యేండ్ల క్రిందటి పేళ్ల విషయమున నెంత జాగరూకత వలయునో తెలియును.

ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సేనలకు వశమైనది. నగరమునకు సుల్తాన్‌పురమని క్రొత్తపేరు పెట్టిరి. అపుడు చెదరినవారి సంతతియే నేటి ఓరుగంటివారని చెప్పుట కింపుగ నుండును గాని, అది సాహసము. వర్తకమునకై, వివాహమునకై, భూమికై, పాండిత్యోపజీవనమునకై యంతకు ముందును తరువాతను జనులు నగరమును వీడుచునే యుందురు. ప్రతి కుటుంబమునకును దాని ప్రయాణము దానిదే. ఇంతమాత్రము నిశ్చయముగ చెప్పవచ్చును. సుల్తాన్‌పురమను పేరు నిలువలేదు. వరంగల్లు, వరంగలు అను రూపములు వ్యవహారమున స్థిరపడినవి. ఓరుగల్లను తొల్లిటి రూపమును దాని షష్ఠితో గూడ చెక్కుచెదరక మోసికొనివచ్చినవారు ఈ యింటిపేరివారు. శాసనము ఱాతిపై నుండును, ఇది నోటిపై నున్నది.

దేశాంతరమున నిట్టి పేళ్ల గతి యెట్లున్నదో తెలిసికొనుట మనకు మేలు. ఆదిలాబాదు గోండులనడుమ నివసించి, 1940 మొదలు హైదరాబాదు రాజ్యమున పరిశోధనలు చేసిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫుగారిని మన దేశము మఱువలేదు. ఆయన 1909లో వియన్నాలో జన్మించి 1995లో దివంగతుడయ్యెను. మార్లవాయి గ్రామమున ఆయన భార్య సమాధి నేటికిని గోండులకు పూజనీయము. ఆ పేరు జర్మనుదేశమున మిక్కిలి యరుదు. హైమన్‌డార్ఫు నూరెంబర్గు సమీపమున నొక చిన్న గ్రామము. 'డార్ఫు' అనగా పల్లె. ఫ్యూరర్ వంశము ఆ నగరపు ప్రముఖ కుటుంబములలో నొకటి. ఆ వంశమున మఱియొక క్రిస్టోఫ్ (1541–1610) ఈజిప్టు, పాలస్తీనాలను చూచివచ్చిన యాత్రికుడు. 'ఫాన్' అను మాటకు 'నుండి' యని యర్థము. మనము షష్ఠితో చెప్పుదానిని వారు పంచమితో చెప్పిరి. ఊరు మాత్ర ముభయత్ర సమానమే. ఆస్ట్రియాలో 1919లో కులీనబిరుదములను రద్దుచేసినపు డీ 'ఫాన్' శబ్దమును గూడ చట్టము తొలగించినది. అచట విభక్తిని తీసివేయుటకు చట్టము కావలసివచ్చినది, ఇచట మనమే యొక్క చుక్కతో తీసివేయుచున్నాము.

జర్మనులు తమ యింటిపేళ్లను లెక్కించుకొనిరి. 2005నాటి టెలిఫోనుల పట్టికల నాధారముగ గొని వారి పండితులు 2009 మొదలు 2018 వఱకు ఏడు సంపుటముల పటగ్రంథమును ప్రకటించిరి. ఏ పేరు ఏ మండలమున దట్టముగ నున్నదో, ఏ తుది యే మాండలికమునకు చెందినదో పటములందే చూడవచ్చును. అమెరికాలో 2010 జనాభాలెక్కలనుండి నూఱుగురికి తక్కువ కాకుండ నున్న యింటిపేళ్లను మాత్రము గైకొని పట్టిక ప్రకటించిరి. అందు 1,62,253 పేళ్లున్నవి. నూఱుగురికి లోబడిన పే రా పట్టికయందు గానరాదు. అచట మనవారి విషయమున మఱియొక చిక్కు గలదు. కొందఱి యింటిపేరు ఇంటిపేరి గడిలో నున్నది. కొందఱి సొంతపేరే యా గడిలో జేరి, వారి సంతానమునకు తండ్రిపేరే యింటిపే రగుచున్నది. అట్టి పట్టికను జూచి తెలుగింటిపేళ్ల సంఖ్యను నిర్ణయింపరాదు.

మన దేశమున 2011 జనాభాలెక్కలలో పేళ్లు వ్రాసికొనిరి గాని ఇంటిపేళ్ల లెక్క ప్రకటింపలేదు. ఉన్న పత్రములను జూచి లెక్కింతమన్నను ఒకే యింట తాత పేరు పూర్తిగను, తండ్రి పేరు 'ఓ' యను నక్షరముతోను, కుమారుని పేరు ఆంగ్లాక్షరముతోను గానవచ్చును. ఆ 'ఓ' యోరుగంటి కావచ్చును, ఓలేటి కావచ్చును, ఓగిరాల కావచ్చును. ఆంగ్లమున వ్రాసినచో ఒద్దిరాజువారును ఆ గుండ్రని యక్షరములోనే యిముడుదురు. 1922లో ఇనుగుర్తినుండి 'తెనుగు' పత్రికను నడపిన ఒద్దిరాజు సోదరుల పేరును, ఓరుగంటివారి పేరును ఒకే గుర్తుక్రింద చేర్చిన పట్టికనుండి యే చరిత్రమును తీయగలము? ఒక పేరు అరుదో కాదో తెలియుటకు ముందు అది వ్రాయబడియుండవలెను.

మఱియొక హెచ్చరిక. లెక్క దొరకినను అది వంశవృక్షము కాదు. ఒకే నగరమునుండి వేర్వేఱు కులములవారు, వేర్వేఱు కాలముల, వేర్వేఱు దిక్కులకు బోయి, పోయినచోట నొకే పేరు పొందియుందురు. ఓరుగంటి యను పేరు ఇంటిపేరుగను గలదు, కాపులలో తెగపేరుగను గలదు. శ్రీకృష్ణదేవరాయలను గూర్చి యాంగ్లమున గ్రంథము రచించిన చరిత్రకారులు రామచంద్రయ్యగారు ఓరుగంటివారే. పేరొక్కటియైనంత నెత్తురొక్కటి యనరాదు. వంశైక్యమునకు గోత్రాదులు వేఱు ప్రమాణములు. ఇంటిపేరు చెప్పున దొక్కటే: మీ పూర్వు డొకడు ఆ యూరినుండి వచ్చెను.

ఆ చిన్నవానితో నే నిట్లంటిని. "నాయనా, మీ పూర్వుడు ఒంటికంటివాడు కాడు, ఓరుగల్లువాడు. మీవా రెందఱున్నారో నేను చెప్పజాలను. నీవు 'ఓ' యని మాత్రము వ్రాసినచో నీ తరువాతివాడును చెప్పజాలడు. పూర్తిగ వ్రాయుము." బడిపత్రములను సరిదిద్దించుకొనుటకు కొంత తిరుగవలసివచ్చునని యతడు విచారించెను గాని వ్రాయుట కంగీకరించెను.

పాఠకమహాశయులకును నా మనవి యిదియే. బడిలో పిల్లవానిని చేర్చునపుడును, పెండ్లిపత్రిక యచ్చువేయించునపుడును ఇంటిపేరును పొడియక్షరముగ గాక పూర్తిగ వ్రాయింపుడు. ఇంటిలో పెద్ద లుండగనే, మీ తాతతండ్రు లే యూరినుండి వచ్చిరో, అంతకుముం దే యూర నుండిరో, మఱియే యింటిపేరైన నుండెనో యడిగి యొక పుస్తకమున వ్రాసి యుంచుడు. ముఖ్యముగ ఓరుగంటివారు తమ కుటుంబపు జాడలను, పాత దస్తావేజులలో తమ పేరు వ్రాయబడిన రూపమును ఈ పత్రిక ద్వారమున దెలిపినచో నీ విచారము ముందునకు సాగును. పొరపాట్లున్నచో విజ్ఞులు సవరింతురుగాక.