ఊరిపెద్దకు ఓటు లేని పెద్దల సభ

పెద్దరికం అడిగి తెచ్చుకునేది కాదంటారు. వయసు వల్ల రావాలి, విద్య వల్ల రావాలి, లేదా నలుగురూ కలిసి ఇవ్వాలి. గద్వాల, వనపర్తి సంస్థానాల రోజుల్లో ఈ గొడవ అంతగా ఉండేది కాదు. ఎవరు పెద్దో రాజుగారి కొలువులోనే తేలిపోయేది. శాలువా కప్పించుకున్న పండితుడు పెద్ద, వెనక వరసలో కూర్చున్నవాడు చిన్న. గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరొచ్చిందంటే ఆ కొలువు చలవే. తర్వాత సంస్థానాలు పోయాయి, ఓట్లు వచ్చాయి. పెద్దలెవరో తేల్చే పని రాజ్యాంగం నెత్తిన పడింది. పాపం, రాజ్యాంగం అందుకోసం చాలానే తంటాలు పడింది. ఆ తంటాల పేరే శాసనమండలి. మన వాడుకలో పెద్దల సభ.

శాసనసభ సంగతి అందరికీ తెలిసిందే. పద్ధెనిమిదేళ్ళు నిండితే ఓటు, పాతికేళ్ళు నిండితే పోటీ. మండలికి పోటీ చెయ్యాలంటే మాత్రం ముప్ఫై నిండాలి. పెద్దల సభ కదా మరి! సభ్యత్వం ఆరేళ్ళు. రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగిపోతుంటారు, కొత్తవాళ్ళు ఎక్కుతుంటారు. శాసనసభ రద్దయినా మండలి రద్దు కాదు. ఎక్కేవాళ్ళు ఎక్కుతూ, దిగేవాళ్ళు దిగుతూ ఉంటే ఆగకుండా పోయే పాసింజరు బండి అన్నమాట.

ఆ బండికి అయిదు తలుపులున్నాయి. మూడోవంతు మందిని స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. మరో మూడోవంతును ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. పన్నెండోవంతు పట్టభద్రులది, పన్నెండోవంతు ఉపాధ్యాయులది. మిగిలినవాళ్ళను సాహిత్యం, శాస్త్రం, కళ, సహకారోద్యమం, సంఘసేవ చూసి గవర్నరు నియమిస్తారు. తెలంగాణ మండలిలో మొత్తం 40 స్థానాలు. వరసగా లెక్క వేస్తే 14, 14, 3, 3, 6.

ఇందులో ఒక తమాషా ఉంది. పట్టభద్రుల స్థానంలో ఓటు వేయాలంటే డిగ్రీ ఉండాలి, అదీ వచ్చి మూడేళ్ళు కావాలి. పోటీ చేసేవాడికి మాత్రం డిగ్రీ అక్కర్లేదు! తమిళనాడు నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో 1972లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరయి, ముప్ఫై నిండితే చాలట. పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ శుభలేఖ ఉండాలి గాని, పెళ్ళికొడుక్కి అక్కర్లేదన్నట్టు. అయినా ఇందులో న్యాయం లేకపోలేదు. ఎవరిని పంపాలో చదువుకున్న ఓటరుకు తెలియదా?

మా పాలమూరు వైపు ఈ మండలి ముచ్చట్లు కొంచెం ఎక్కువగానే సాగుతాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరులో మూడు జిల్లాలయ్యాయి. మండలి లెక్కలో మాత్రం అవి ఇంకా పాత ఉమ్మడి జిల్లా కాపురమే చేస్తున్నాయి. స్థానిక సంస్థల స్థానం పేరు నేటికీ మహబూబ్‌నగరే. పట్టభద్రుల స్థానమయితే మరీ పెద్దది, మహబూబ్‌నగర్, రంగారెడ్డి, హైదరాబాదు మూడూ కలిపి. 2021 మార్చిలో ఆ స్థానానికి 93 మంది నిలబడ్డారు. ఓటర్లు 5 లక్షల 31 వేల పైచిలుకు. ఓటుపత్రం విప్పితే దినపత్రిక విప్పినట్టే. పెట్టెలు కూడా దానికి తగ్గట్టు పెద్దవి చేయించారు. లెక్కింపు నాలుగు రోజులు సాగాక సురభి వాణీదేవి గెలిచారు.

ఇంతా చేసి ఇక్కడ ఓటు వేయడమంటే ముద్ర కొట్టడం కాదు. పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి, అదీ వాళ్ళిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే. జేబులోని సొంత పెన్ను తీశారో, ఓటు చెల్లదు. చెల్లిన ఓట్లు వెయ్యి ఉంటే 501 వచ్చినవాడు గెలుస్తాడు. ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్నవాణ్ణి తీసేసి, అతని ఓటర్లు రెండో అంకె ఎవరికి వేశారో చూసి పంచుతారు. అందుకే నాలుగు రోజులు.

ఇక రెండో ఎన్నిక చూడండి. మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల స్థానం నుంచి 2021 నవంబరులో ఏకగ్రీవంగా ఎన్నికైన కసిరెడ్డి నారాయణరెడ్డి 2023లో కల్వకుర్తి ఎమ్మెల్యేగా గెలిచారు. ఒక మనిషి రెండు సభల్లో కూర్చోవడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. మండలి సీటు ఖాళీ అయింది. 2024 మార్చి 28న ఉపఎన్నిక జరిగింది. మొత్తం ఓటర్లు ఎంతమందనుకున్నారు? 1,439 మంది! అయిదు లక్షల మంది పంపిన సభ్యురాలికీ, పద్నాలుగు వందల మంది పంపిన సభ్యుడికీ సభలో చెయ్యెత్తితే విలువ ఒక్కటే. లోక్‌సభ ఎన్నికలు అడ్డం రావడంతో లెక్కింపు జూన్ 2 దాకా ఆగింది. నవీన్‌కుమార్ రెడ్డి వందకు కొద్దిగా పైబడిన తేడాతో గెలిచారు. ఆ తర్వాత నెల తిరిగిందో లేదో, జులై మొదట్లో, ఆయనకు ఓటు వేసిన ఎంపీటీసీల, జెడ్పీటీసీల గడువే తీరిపోయింది. ఎన్నుకున్నవాళ్ళు దిగిపోయారు, ఎన్నికైనవాడు మిగిలాడు!

ఇంతకీ ఆ 1,439 మంది ఎవరు? ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, మునిసిపల్ కౌన్సిలర్లు, హోదారీత్యా కలిసిన ఎమ్మెల్యేలు, ఎంపీలు. మరి సర్పంచి? సర్పంచికి ఓటు లేదు.

మా వైపు సర్పంచి ఒకాయన ఈ సంగతి తెలిసి నన్ను నిలదీసినంత పని చేశాడు.

"ఊరంతా కలిసి నన్ను గెలిపిచ్చిన్రు. నల్లా రాకపోతే నన్నే తిడతరు, దీపం వెలగకపోతే నన్నే తిడతరు. ఎంపీటీసీకి ఓటుంది, నాకెందుకు లేదు సార్?"

"చట్టంలో లేదు సర్పంచి సాబ్" అన్నాను.

"చట్టం రాసినాయన ఊర్ల ఉండలేదా ఏంది?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది గాని, ప్రశ్న నవ్వులాటది కాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చివర నాలుగో షెడ్యూలని ఒక పట్టీ ఉంది. ఏ రాష్ట్రంలో ఏ స్థానిక సంస్థల సభ్యులకు మండలి ఓటుందో అందులో రాసిపెట్టారు. మన పట్టీలో మండల పరిషత్తు ఉంది, జిల్లా పరిషత్తు ఉంది, మునిసిపాలిటీ ఉంది. గ్రామపంచాయతీ లేదు. కర్ణాటక పట్టీలో గ్రామపంచాయతీ ఉంది. అక్కడ అధ్యక్షుడికే కాదు, మామూలు వార్డు మెంబరుకు కూడా ఎమ్మెల్సీ ఓటుంది.

కర్ణాటక అంటే ఎక్కడో దూరాన లేదు. గద్వాల ఉన్నది కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో. అక్కణ్ణుంచి వనపర్తి పోవాలంటే కృష్ణ దాటాలి. రాయచూరు పోవడానికి ఏ నదీ దాటనక్కర్లేదు. పైగా 1956 దాకా గద్వాల, అలంపురం తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రాల పునర్విభజన చట్టం ఆ రెండు తాలూకాలను తెచ్చి మహబూబ్‌నగర్‌లో కలిపింది. తెలుగువాళ్ళు తెలుగువాళ్ళతో కలిశారు, అది సంతోషమే. కాని ఆ గీత ఇటు పడ్డందుకు నడిగడ్డ సర్పంచికి ఓటు లేదు, అటు పడ్డ రాయచూరు వార్డు మెంబరుకు ఉంది. ఒకే నేల, ఒకే రకం ఎండ. పెద్దరికం మాత్రం హద్దురాయి దగ్గర మారిపోతుంది.

ఇంకో విడ్డూరం. 1959లో ఈ రాష్ట్రంలో పంచాయతీరాజ్యానికి నెహ్రూ దీపం వెలిగించింది ఎక్కడో కాదు, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లోనే. దీపం మన గడప మీదే వెలిగింది, పంచాయతీ మాత్రం చీకట్లో ఉండిపోయింది.

సర్పంచిదొక్కడిదే ఈ గతి కాదు. ఉపాధ్యాయ స్థానానికి ఓటరు కావాలంటే ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని చోట మూడేళ్ళు పాఠం చెప్పి ఉండాలి. అంటే ఓనమాలు దిద్దించిన ప్రాథమిక పాఠశాల పంతులుకు ఓటు లేదు. పునాది రాయి వేసినవాడు మేస్త్రీ కాదట, కిటికీలు బిగించినవాడే మేస్త్రీ!

మండలి వద్దన్నవాళ్ళు లేకపోలేదు. 1958లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ మండలిని ఎన్టీ రామారావు ప్రభుత్వం 1983లో తీర్మానం చేసి 1985లో తీసివేయించింది. 2007లో అది మళ్ళీ వచ్చింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2020లో వద్దని తీర్మానించి, 2021లో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. అసలు లేకపోయినా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే. నడిగడ్డలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక నడిపారు, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. గవర్నరు పిలిచి కూర్చోబెట్టదగ్గ మనిషి. నాటి హైదరాబాదు రాష్ట్రంలో మండలే లేదు. ఆయన 1952లో కృష్ణ దాటి వనపర్తి జనం దగ్గరికి వెళ్ళి, ఓటడిగి, శాసనసభకే గెలిచారు.

కాబట్టి పండితులకోసమే మండలి కావాలనే వాదన నాకంతగా ఆనదు. నాకు ఆనే వాదన మరొకటుంది. తొందరలో చేసిన చట్టాన్ని కాస్త ఆపి, ఊరి మంచిచెడ్డలు తెలిసినవాళ్ళ చేత ఇంకోసారి చదివించడం మంచిదే. మామూలు బిల్లును మండలి మొదట మూడు నెలలు, తర్వాత ఒక నెల ఆపగలదు. ఆ నాలుగు నెలల్లో ఊరి మాట అక్కడ వినిపించాలంటే, ఊరిలో తిట్లు తినేవాడికి అక్కడ ఓటుండాలి.

ఇది కానిపనేమీ కాదు. నాలుగో షెడ్యూలు పార్లమెంటు చేతిలోని పట్టీ. పంతుళ్ళ సంగతికొస్తే, రాజ్యాంగం మండలి కూర్పు చెబుతూనే, పార్లమెంటు వేరేగా చట్టం చేసేంతవరకు అని ముందే ఒక తలుపు తెరిచిపెట్టింది. ఆ తలుపు తోయడమే మిగిలింది. తోస్తే లోపలికొచ్చేది ఊరి సర్పంచి, ఆయన వెనకాల చేతికి సుద్దపొడి అంటిన బడిపంతులు. పెద్దల సభకు అంతకన్న పెద్దలెవరు కావాలి చెప్పండి?