టై రాడ్ ఎండ్ రబ్బరు బూటు

చిన్న ట్రాక్టర్ల స్టీరింగ్‌లో టై రాడ్ చివరి బాల్ జాయింటుకు వేసే రబ్బరు తొడుగు ఇది. లోపలి గ్రీజు బయటికి పోకుండా, బయటి బురద లోపలికి చొరబడకుండా కాస్తుంది. దమ్ము చేసే ట్రాక్టర్లకు దీని అవసరం మరీ ఎక్కువ: బూటు చిరిగితే నీళ్లతో కలిసి వచ్చిన ఇసుక గుండును, దాని గిన్నెను అరగదీస్తుంది. బూటు చిరిగిందంటే ఎండ్ మొత్తం మార్చాల్సిందేనన్న వాదన ఉంది. ముందు చక్రాన్ని అటూ ఇటూ కదిపినప్పుడు జాయింటులో లూజు తెలిస్తే అది నిజమే. లూజు లేక, తుడిచిన గ్రీజు వేళ్లకు గరగరలాడకపోతే మాత్రం కొత్త గ్రీజు పెట్టి బూటొక్కటే మార్చడం సబబు. రాడ్ పొడవు మారదు కాబట్టి టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి ఉండే అమరిక) కూడా చెదరదు. జాయింటు విప్పేటప్పుడు గుండుకుండే పిన్ను మరల మీద సుత్తితో కొట్టకూడదు, పుల్లర్ వాడాలి. కాటర్ పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి.